తెరిస్తే చెప్పేసే తాళం

మా అమ్మమ్మగారింట్లో వసారా దూలానికి ఒక ఇనప తీగ వేలాడుతూ ఉండేది. పైన కొక్కెం, కింద గుండ్రటి చెక్క బిళ్ల. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చదవడం కాగానే తాతయ్య ఆ తీగకు గుచ్చేసేవారు. కార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు, శుభలేఖలు, శిస్తు రసీదులు, అన్నీ ఒకదాని మీద ఒకటి. ఇల్లు అమ్మేటప్పుడు ఆ కట్ట నా దగ్గరికి చేరింది. ప్రతి కాగితానికీ నడిమధ్యన ఒక కంత. మా అబ్బాయి చూసి పురుగు కొట్టిందనుకున్నాడు. తీగ సంగతి చెప్పేదాకా వాడికి అది దెబ్బతిన్న కాగితమే. చెప్పాక, ఏ ఉత్తరం ముందు వచ్చిందో ఏది తర్వాత వచ్చిందో ఆ కంతల వరుసను బట్టి చెప్పవచ్చని వాడే కనిపెట్టాడు.

ఇలాంటి పొరపాటే చాలాకాలం పెద్ద పెద్ద గ్రంథాలయాల్లోనూ జరిగింది. 2000లో జానా డాంబ్రోజియో అనే కాగితాల సంరక్షకురాలు వాటికన్ పత్రాగారంలో పనిచేస్తూ పాత కాగితాల మీద విచిత్రమైన గుర్తులు చూశారు. కొన్నింటికి అంచున సన్నటి చీలికలు. కొన్నింటికి మూల ముక్క త్రికోణంగా కత్తిరించి ఉంది. చూడగానే కాలం చేసిన నష్టం అనిపిస్తుంది. కానీ ఆ చీలికలు మడతల మీద ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయి. పురుగుకు అంత లెక్క ఉండదు. ఆ మడతలను మళ్లీ వేసి చూస్తే, కత్తిరించిన మూల ముక్క ఆ చీలికల్లోంచి దూరి, ఉత్తరాన్ని కట్టి ఉంచిన బద్ద అని తేలింది. కవర్లు లేని రోజుల్లో ఉత్తరాన్ని దాని కాగితంతోనే మూసేసే ఈ విద్యకు ఆమె లెటర్‌లాకింగ్ అని పేరు పెట్టారు. ఉత్తరానికి తాళం వేయడం అన్నమాట. తర్వాత మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ గ్రంథాలయాల్లో ఆమె, లండన్ కింగ్స్ కాలేజీలో డేనియల్ స్టార్జా స్మిత్, ఇంకా ఎందరో కలిసి దీన్ని ఒక అధ్యయన రంగంగా నిలబెట్టారు. రెండున్నర లక్షల పాత ఉత్తరాలను పరిశీలించి ఏయే రకాల తాళాలున్నాయో వర్గీకరించారు.

తాళం అన్న మాట దగ్గరే మనకు మొదటి చిక్కు వస్తుంది. కాగితానికి తాళమేమిటి? ఇనప్పెట్టె తాళం పగలగొట్టాలంటే సుత్తి కావాలి, బలం కావాలి, చప్పుడవుతుంది. కాగితాన్ని చింపడానికి రెండు వేళ్లు చాలు. ఎంత గట్టిగా మడిచినా, ఎన్ని ముద్రలు వేసినా, చదవాలనుకున్నవాడిని ఆ మడత ఆపలేదు. ఈ మాట ఆ కాలంవాళ్లకు మనకన్నా బాగా తెలుసు. మరి వాళ్లు గంటలు గంటలు కూర్చుని అంత కష్టం ఎందుకు పడ్డారు?

దీనికి జవాబు కావాలంటే, "భద్రత" అని మనం ఒకే మాటగా అనేసే దానిలో మూడు వేర్వేరు పనులున్నాయని విడదీసుకోవాలి. ఉత్తరం నిజంగా పలానా వారు రాసిందేనా అన్నది ఒకటి. దాన్ని దారిలో ఎవరైనా తెరిచారా అన్నది రెండోది. తెరిచినవాడికి లోపలి సంగతి అర్థమవుతుందా అన్నది మూడోది. మొదటి పని ముద్రది. మూడో పని రహస్య లిపిది. మడతలు, చీలికలు, పట్టీలు చేసేది మధ్యలో ఉన్న పని ఒక్కటే. తెరవకుండా ఆపడం వాటి వల్ల కాదు. తెరిచిన సంగతి అందుకున్నవాడికి చెప్పేయడమే వాటి పని. మందుల సీసా మూతకు కింద ఉండే రింగు లాంటిది ఇది. మూత తిప్పగానే ఆ రింగు తెగుతుంది. తెగకుండా ఉంటేనే సీసా కొంటాం. ఈ మూడు పనులూ కలగలిపి చూసినంతకాలం పాత ఉత్తరాల కథలు మనకు అయోమయంగానే ఉంటాయి. విడదీసి చూస్తే ఎక్కడ ఏ పని గెలిచిందో, ఏది ఓడిందో కనిపిస్తుంది.

కాగితం పుట్టకముందే మనిషికి ఈ ఆలోచన వచ్చింది. ఇప్పటి తుర్కియేలో కుల్తెపె అనే చోట, పూర్వం కనేష్ అని పిలిచిన ఊళ్లో, సుమారు 4,000 ఏళ్ల కిందట అసూర్ నగరం నుంచి వచ్చిన వర్తకులు కాపురం ఉన్నారు. వాళ్లు ఇంటికీ భాగస్వాములకూ మట్టి పలకల మీద ఉత్తరాలు రాసుకున్నారు. అక్కడ 20 వేలకు పైగా పలకలు దొరికాయి. రాసిన పలక ఎండాక దాని చుట్టూ పల్చటి మట్టి తొడుగు వేసి, పైన అందుకునేవారి పేరు రాసి, తమ ముద్రను దొర్లించేవారు. ఉత్తరం చదవాలంటే ఆ తొడుగు పగలగొట్టాల్సిందే. అప్పు పత్రాలకైతే ఇంకో జాగ్రత్త కూడా ఉండేది. లోపల రాసిన షరతులనే తొడుగు మీద కూడా రాసేవారు. తగాదా వస్తే తొడుగు పగలగొట్టి లోపలి రాతతో పోల్చి చూసుకోవచ్చు. పైది ఎవరైనా దిద్దినా లోపలిదాన్ని ముట్టుకోలేరు. ఇంత తేలికైన, ఇంత గట్టి ఉపాయం కాగితం యుగంలో కూడా రాలేదని నా అభిప్రాయం.

కాగితం వచ్చాక మట్టికి ఉన్న సుఖం పోయింది. మట్టి పగిలితే అతకదు. కాగితాన్ని మడత విప్పి మళ్లీ అదే మడత వేయవచ్చు. అందుకే కాగితానికి, విప్పితే తప్పనిసరిగా ఏదో ఒకటి తెగేలా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. మామూలు ఉత్తరాలకు ఐరోపాలో ఎక్కువమంది చేసింది చాలా తేలిక పని. కాగితాన్ని నిలువునా మూడు మడతలు, అడ్డంగా మూడు మడతలు వేసి, ఒక కొసను ఇంకో కొసలోకి దోపి, ఆ చోట కాస్త మైనం చుక్క వేయడం. వ్యాపారులకు ఇది చాలు. ఇంకొంచెం జాగ్రత్త కావాలంటే మడిచిన పొట్లంలో కత్తి మొనతో చీలిక చేసి, విడిగా కోసిన కాగితం పట్టీని అందులోంచి దూర్చి, రెండు కొసలనూ మైనంతో కలిపేసేవారు. రాచకుటుంబాల మధ్య నడిచే ఉత్తరాలకు సన్నటి పట్టుదారాలు చుట్టి, ఆ దారాల మీద ముద్ర వేసేవారు. అక్కడ భద్రతతో పాటు మర్యాద, మక్కువ కూడా ఉండేవి.

వీటన్నిటికన్నా కష్టమైనది మెలిక తాళం. దీన్ని గురించి కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం విద్య దీనిలోనే ఉంది.

ఉత్తరం రాసిన కాగితం అంచున ఒక సన్నటి పట్టీని కత్తితో కోస్తారు. పూర్తిగా తెంపరు. ఒక చివర కాగితానికే అంటుకుని తోకలా వేలాడుతుంది. తర్వాత కాగితాన్ని మడతలు పెట్టి చిన్న పొట్లం చేస్తారు. తోక బయటే ఉంటుంది. ఇప్పుడు పొట్లం పొరలన్నిటినీ కలిపి కత్తి మొనతో ఒక చీలిక పొడుస్తారు. తోకను ఆ చీలికలోంచి దూర్చి, అంచు మీదుగా వెనక్కి తిప్పి, మళ్లీ దూర్చి, మళ్లీ తిప్పి, బొంత కుట్టినట్టు పలుమార్లు లాగి బిగిస్తారు. చివరి కొసను అంటించేస్తారు. సూది లేదు, దారం లేదు. కాగితమే దారం. ఈ పొట్లం తెరవాలంటే తోకను ఎక్కడో ఒకచోట తెంపాలి. తెంపితే కొత్త తోక తేలేం, ఎందుకంటే అది అదే కాగితంలో భాగం. వేరే కాగితం తెచ్చి అతికిస్తే రంగులో, మందంలో, చిరిగిన అంచులో తేడా దొరికిపోతుంది.

నేను ఇంట్లో మామూలు ప్రింటర్ కాగితంతో దీన్ని చేసి చూశాను. మూడోసారి దూర్చి లాగేసరికి తోక పుటుక్కున తెగింది. ఇంకో కాగితంతో మళ్లీ చేసినా అంతే. ఆ కాలపు కాగితం పాత గుడ్డ పీలికలను నానబెట్టి దంచి చేసింది. దాని పీచు పొడుగు, లాగుడుకు ఓర్చుకుంటుంది. చెక్క గుజ్జుతో చేసిన మన కాగితానికి ఆ ఓపిక లేదు. విద్య పోయిందంటే చేతులు మరిచిపోయాయని మాత్రమే అనుకుంటాం. దానికి తగిన కాగితం కూడా పోయిందని అప్పుడు అర్థమైంది.

1570లో ఫ్రాన్స్ రాజమాత కేథరిన్ డి మెడిచి, 1573లో ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ ఈ మెలిక తాళం వేసిన ఉత్తరాలున్నాయి. అన్నిటికన్నా పేరుపడినది స్కాట్లాండ్ రాణి మేరీ చివరి ఉత్తరం. 1587 ఫిబ్రవరి 8, తెల్లవారుజామున రెండు గంటలు. ఫోదరింగే కోటలో బందీగా ఉన్న మేరీకి పొద్దున ఎనిమిదింటికి తల నరికేస్తారని చెప్పారు. ఆమె కాగితాలన్నీ అప్పటికే లాగేసుకున్నారు. వీలునామా రాసుకునే వీలు కూడా లేదు. ఆ స్థితిలో ఆమె ఫ్రాన్స్ రాజు మూడో హెన్రీకి ఉత్తరం రాసింది. అతను ఆమెకు మరిది. ఆమె మొదటి భర్త ఫ్రాన్సిస్‌కు తమ్ముడు. కేథరిన్ డి మెడిచి ఆమె అత్తగారు. తన నౌకర్లకు రావాల్సిన జీతాలు ఇప్పించమనీ, తన ఆత్మ కోసం ప్రార్థనలు చేయించమనీ అడిగింది. ఆరోగ్యం కాపాడతాయని నమ్మిన రెండు రత్నాలు పంపింది. రాయడం అయ్యాక ఆ కాగితంలోంచే తోక కోసి, మడిచి, పొడిచి, దూర్చి, మెలిక తాళం వేసింది. ఈ మొత్తం పనిలో 30కి పైగా అంచెలున్నాయని 2021లో పరిశోధకులు లెక్కగట్టారు. ఆ ఉత్తరం ఇప్పుడు ఎడిన్‌బరోలో స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయంలో ఉంది.

ఆరు గంటల ఆయుష్షు మిగిలిన మనిషి అందులో కొంత కాలాన్ని కాగితం మెలికలు వేయడానికి ఎందుకు ఖర్చు పెట్టింది? నాకు తోచే కారణం, ఆమెకు అప్పటికే తగిలిన దెబ్బ. అంతకుముందు ఏడాది ఆమె ప్రాణం మీదికి వచ్చింది ఉత్తరాల వల్లే.

1586లో మేరీ చార్ట్లీ అనే చోట కావలిలో ఉంది. ఆమె ఉత్తరాలు బీరు పీపాల్లో దాచి బయటికి వెళ్లేవి. తడవని చిన్న పెట్టెలో పెట్టి, పీపా బిరడా కన్నంలోంచి లోపలికి జారవిడిచేవారు. ఆమె ఇది తన మనుషులు కనిపెట్టిన దారి అనుకుంది. నిజానికి ఆ దారి వేసింది ఎలిజబెత్ రాణి మంత్రి ఫ్రాన్సిస్ వాల్సింగం. ఉత్తరాలు మోసే గిల్బర్ట్ గిఫర్డ్ అతని మనిషి. ప్రతి ఉత్తరం ముందు వాల్సింగం మనుషుల బల్ల మీదికి వచ్చేది. ముద్రలు పాడవకుండా తెరిచి మళ్లీ మూయడంలో ఆర్థర్ గ్రెగరీ అనేవాడు దిట్ట. రహస్య లిపిని విప్పడంలో థామస్ ఫెలిప్స్ దిట్ట. ఎలిజబెత్‌ను చంపే కుట్రను ఆంథొనీ బాబింగ్టన్ మేరీకి రాసి తెలిపాడు. జులై 17న ఆమె పంపిన జవాబును ఫెలిప్స్ విప్పి, తన నకలు మీద ఉరికొయ్య బొమ్మ గీశాడు. అంతటితో ఆగలేదు. కుట్రలో ఉన్న ఆరుగురి పేర్లు చెప్పమని అడుగుతున్నట్టు, ఆమె లిపిలోనే చివర్లో కొన్ని మాటలు తాను చేర్చాడు.

ముందు చెప్పిన మూడు పనులూ ఇక్కడ గుర్తు చేసుకోండి. ముద్ర ఉంది కాబట్టి ఎవరు రాశారో నమ్మారు. కానీ ముద్రను ఒకడు విప్పి మళ్లీ వేశాడు. రహస్య లిపి ఉంది కాబట్టి ఎవరికీ అర్థం కాదని నమ్మారు. కానీ ఒకడు దాన్ని విప్పడమే కాదు, అందులో రాయడం కూడా నేర్చాడు. తెరిచారా లేదా అన్న రెండో ప్రశ్నకు సరైన జవాబు దొరికి ఉంటే, మిగతా రెండూ ఓడినా కథ మరోలా నడిచేది. తెరిచారని తెలిసిన మరుక్షణం ఆ దారిలో ఇంకో ఉత్తరం వెళ్లేది కాదు. తాళం అబద్ధం చెప్పకుండా ఉండటం ఎంత అవసరమో ఈ ఒక్క ఉదంతం చాలు. సెప్టెంబరులో బాబింగ్టన్‌ను, ఫిబ్రవరిలో మేరీని చంపేశారు.

ముద్రను నమ్ముకుంటే ఏమవుతుందో మన నాటక సాహిత్యానికీ బాగా తెలుసు. విశాఖదత్తుడి ముద్రారాక్షసం అంతా ఒక ఉంగరం చుట్టూ తిరుగుతుంది. నందుల మంత్రి రాక్షసుడి ముద్ర ఉంగరం, అతని ప్రత్యర్థి చాణక్యుడి చేతికి చిక్కుతుంది. శకటదాసు చేత ఏమీ తెలియకుండా ఒక ఉత్తరం రాయించి, ఆ ఉంగరంతో ముద్ర వేయిస్తాడు. రాత రాక్షసుడి మనిషిది, ముద్ర రాక్షసుడిది, విషయం మాత్రం చాణక్యుడిది. ఆ ఉత్తరం పట్టుబడినప్పుడు, రాక్షసుడు పక్షం చేరిన రాజు మలయకేతువు, ముద్ర చెడకుండా తెరిచి చూపించమంటాడు. ముద్ర చెడకుండా తెరిచే చేతులు ఉంటాయని రచయితకూ ప్రేక్షకులకూ తెలుసన్నమాట. ముద్ర ఎవరి ఉంగరమో చెబుతుంది. ఆ ఉంగరం ఆ రోజు ఎవరి వేలికి ఉందో చెప్పదు.

ఇంతకీ ముద్రను చెడకుండా ఎలా తెరుస్తారు? ప్రధానంగా రెండు దారులు. సన్నటి కత్తిని వేడిచేసి ముద్ర అడుగున మెల్లగా పోనిచ్చి, కాగితం నుంచి లేపేయడం ఒకటి. పని అయ్యాక అడుగున కాస్త వేడి తగిలించి మళ్లీ అతికిస్తారు. రెండో దారిలో ముందు ముద్రకు అచ్చు తీసుకుంటారు. అసలు ముద్రను పగలగొట్టి, చదివి, కొత్త మైనం వేసి ఆ అచ్చుతో నొక్కుతారు. ఈ పనికి ప్రభుత్వాలు ఆఫీసులే పెట్టాయి. 18వ శతాబ్దంలో వియన్నాలో అక్కడి రాయబార కార్యాలయాలకు వచ్చే ఉత్తరాల సంచులు పొద్దున ఏడింటికి ఒక రహస్య గదికి వెళ్లేవి. కొవ్వొత్తి మంట మీద ముద్రలు కరిగించి, నకళ్లు రాసుకుని, మళ్లీ మూసి, తొమ్మిదిన్నరకల్లా తిరిగి పంపేసేవారు. రాయబారులకు తపాలా ఠంచనుగా అందేది. ఇంగ్లండులో రెండో ఛార్లెస్ కాలంలో శామ్యూల్ మోర్లాండ్ అనే ఆయన ఉత్తరాలు తెరిచి మూసే యంత్రాలే చేశాడు. 1666 లండన్ అగ్నిప్రమాదంలో అవి కాలిపోయాయి.

ముద్ర దేనితో వేస్తారన్నది కూడా ఈ పోటీలో పెద్ద విషయమే, అక్కడ కథ మన వైపు వస్తుంది. మధ్యయుగాల ఐరోపాలో తేనెమైనంలో చెట్టు జిగురు కలిపి, ఎరుపు కోసం ఇంగిలీకం వేసి ముద్రలు వేసేవారు. తేనెమైనం మెత్తన. వేడి కత్తికి వెన్నలా లొంగిపోతుంది. 16వ శతాబ్దం నుంచి ఆసియాతో ఓడల వ్యాపారం పెరిగాక దాని చోటులోకి లక్క వచ్చింది. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే గూడు అది. లక్క కరిగి కాగితం పీచులోకి దిగుతుంది. ఆరాక గట్టిపడి పెళుసుగా ఉంటుంది. వంచితే పగులుతుంది. మెత్తగా లొంగిపోయే మైనం కన్నా, పగిలి చెప్పేసే లక్క ఈ పనికి మేలు. ఇంగ్లిషులో లాక్ (lac) అన్నా, లాకర్ అన్నా, మన లక్క అన్నా, అన్నీ సంస్కృతం లాక్ష చుట్టాలే. రాణులూ రాయబారులూ ఐరోపాలో తమ రహస్యాల మీద ఒత్తిన ఎర్రటి బిళ్లకు మన వైపు అడవుల పురుగు ఆధారం. పాండవులను దహించాలని కట్టిన ఇల్లు దీనితోనే. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు లాడ్ బజారు గాజులూ దీనితోనే. పోస్టాఫీసులో ఇన్సూరెన్సు కవరు మీద, పరీక్ష పేపర్ల కట్ట మీద కొవ్వొత్తితో లక్క కడ్డీని కరిగించి ఇత్తడి సీలు ఒత్తేటప్పుడు వచ్చే ఆ వాసన తెలిసినవాళ్లు ఇంకా మనలో చాలామంది ఉన్నారు.

మన సంస్థానాధీశులు గవర్నర్ జనరల్‌కు ఉత్తరం రాస్తే దాన్ని సన్నగా మడిచి, జరీ గుడ్డ సంచిలో పెట్టి, మూతికి తాడు కట్టి, తాడుకు లక్క ముద్ర వేలాడదీసేవారు. ఆ సంచిని ఖరీతా అంటారు. అక్కడ కాగితం మెలికల అవసరం లేదు. సంచే తాళం, దాన్ని మోసే మనుషులే కాపలా.

పై రూపమే ఒక కబురు కావడం కూడా అన్ని చోట్లా ఉంది. ఐరోపాలో ఇంట్లో చావు జరిగితే ఎరుపు మైనం మానేసి నల్ల మైనంతో ముద్ర వేసేవారు. ఉత్తరం చేతికి రాగానే గుండె జారేది. మనకు శుభలేఖకు నాలుగు మూలలా పసుపు. చావు కబురు కార్డు అయితే చదివిన వెంటనే చింపేయడం, తీగకు గుచ్చకపోవడం. మా తాతయ్య తీగ మీద ఒక్క చావు కబురూ లేకపోవడం నేను పెద్దయ్యాక గమనించాను.

ముద్రనూ నమ్మలేని, మడతనూ నమ్మలేని రోజుల్లో కొందరు ఇంకా చిన్న ఉపాయం పట్టుకున్నారు. ఇటలీ ఉద్యమకారుడు జుసెప్పె మాజినీ లండన్‌లో ప్రవాసంలో ఉండగా తన ఉత్తరాలు తెరుస్తున్నారని అనుమానించాడు. ముద్రలు బాగానే కనిపించేవి. దాంతో లోపల గసగసాలు, తల వెంట్రుకలు, ఇసుక రేణువులు పెట్టి పంపమని స్నేహితులకు చెప్పాడు. ఉత్తరం వచ్చేసరికి అవి లేవు. తెరిచిన మనిషి ముద్రను ఎంత నేర్పుగా మూసినా, బల్ల మీద జారిపోయిన గసగసాలు గమనించలేదు. 1844లో ఈ సంగతి థామస్ డంకూంబ్ అనే సభ్యుడి ద్వారా బ్రిటిష్ పార్లమెంటులో పెద్ద గొడవ అయింది. హోం మంత్రి సర్ జేమ్స్ గ్రాహం ఉత్తర్వు మీదే ఉత్తరాలు తెరిచారని బయటపడింది. ఆ ఏడాదే తపాలా శాఖలోని రహస్య కార్యాలయాన్ని మూసేశారు. గిడ్డంగిలా పెరిగిన ఒక రాజ్య వ్యవస్థను పిడికెడు గసగసాలు బయటపెట్టాయి. తాళం అంటే ఏమిటో ఇంతకన్నా చక్కగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు. గసగసాలు ఎవరినీ ఆపలేవు.

మరి ఈ విద్య ఎందుకు పోయింది? పెద్ద కారణం భద్రతకు సంబంధించింది కాదు, డబ్బుకు సంబంధించింది. బ్రిటన్‌లో 1840కి ముందు తపాలా రుసుము కాగితాల సంఖ్యను బట్టీ దూరాన్ని బట్టీ ఉండేది. ఉత్తరం ఒక కాగితం, దాన్ని చుట్టిన కవరు ఇంకో కాగితం. కవరు వాడితే ఖర్చు రెట్టింపు. అందుకే రాసిన కాగితాన్నే మడిచి కవరుగా మార్చేవారు. 1840 జనవరి 10న రోలండ్ హిల్ సంస్కరణతో అరౌన్సు దాకా ఎంత దూరమైనా ఒక్క పెన్నీ అయింది. కాగితాలు లెక్కపెట్టడం మాని తూకం వేయడం మొదలుపెట్టారు. ఇక కవరు వాడటానికి అడ్డు లేదు. 1845లో ఎడ్విన్ హిల్, వారెన్ డి లా రూ కవర్లు మడిచే యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. జిగురు పూసిన కవరు వచ్చాక చీలికలతో పని లేదు. నాలుకతో తడిపి అంటిస్తే అయిపోతుంది. మన ఇన్‌లాండ్ లెటర్ మాత్రం ఆ పాత వంశానికి మిగిలిన మనవరాలు. రాసే కాగితమూ అదే, మూసే కవరూ అదే. లోపల ఏమీ పెట్టకూడదని దాని మీదే రాసి ఉండేది. మూడు వైపులా అంటించిన తర్వాత కూడా, పక్కనుంచి గొట్టంలా పట్టుకుని ఒక కన్ను మూసి లోపలి అక్షరాలు చదవడానికి ప్రయత్నించని పిల్లలు మా వీధిలో లేరు.

ఇక హేగ్ పెట్టె సంగతి. దాని కోసమే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

మనకు బేరింగ్ ఉత్తరం తెలుసు. స్టాంపు లేకుండా వస్తే అందుకునేవారు డబ్బు కట్టి తీసుకోవాలి. 17వ శతాబ్దపు ఐరోపాలో దాదాపు అన్ని ఉత్తరాలూ అలాంటివే. డబ్బు కట్టేది అందుకునేవారు. మనిషి దొరక్కపోయినా, చనిపోయినా, వద్దన్నా, ఉత్తరం తపాలా అధికారి దగ్గర మిగిలిపోయేది. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో సైమన్ డి బ్రియెన్, ఆయన భార్య మరీ జెర్మెన్ తపాలా నడిపేవారు. ఎప్పటికైనా ఎవరైనా వచ్చి డబ్బు కట్టి తీసుకెళ్తారని మిగిలిన ఉత్తరాలన్నీ ఒక పెట్టెలో దాచారు. 1926లో ఆ పెట్టె హేగ్‌లోని తపాలా మ్యూజియానికి చేరింది. అందులో మొత్తం 3,148 కాగితాలున్నాయి. వాటిలో 577 ఉత్తరాలు అప్పటికీ, ఇప్పటికీ, ఒక్కసారి కూడా తెరవనివి.

రాజుల ఉత్తరాలు ఎలాగోలా బతుకుతాయి. ఈ పెట్టెలో ఉన్నది వర్తకులు, నటులు, పాటగాళ్లు, పొట్టకూటికి ఊళ్లు తిరిగేవాళ్లు రాసుకున్నవి. ఒక ఉత్తరంలో ఒకామె తన స్నేహితురాలి కోసం ఒక వర్తకుణ్ని వేడుకుంటుంది. ఆ స్నేహితురాలు హేగ్ నాటకశాలలో పాటకత్తె. గర్భవతై పారిస్ వెళ్లిపోయింది. తిరిగి రావడానికి డబ్బు సాయం కావాలి. ఉత్తరం పైన, ఆ వర్తకుడు తీసుకోవడానికి ఒప్పుకోలేదని రాసి ఉంది. ఆ సాయం అందిందో లేదో ఉత్తరం చెప్పదు. వద్దన్న సంగతి మాత్రం చెబుతుంది.

తెరవని ఆ 577 ఉత్తరాలను ఏం చేయాలి? తెరిస్తే లోపలి మాటలు దొరుకుతాయి. కానీ మడతలు, చీలికలు, అంటించిన తీరు, అంటే ఆ మనిషి తన రహస్యాన్ని ఎలా కాపాడుకోవాలనుకున్నాడో చెప్పే సాక్ష్యమంతా పోతుంది. మ్యూజియం, పరిశోధకులు కలిసి తెరవకూడదని తీర్మానించారు. ఆ నిర్ణయం నాకు చాలా నచ్చింది. వందలేళ్లుగా పత్రాగారాల్లో ఎన్నో ఉత్తరాలను తడిపి, సాపు చేసి, పుస్తకాలుగా కుట్టేశారు. ఆ మడతలు మళ్లీ రావు.

చదవడానికి వేరే దారి దంతాల దగ్గర దొరికింది. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో పళ్లలోని ఖనిజాలను కొలవడానికి చేసిన చాలా సున్నితమైన ఎక్స్‌రే స్కానర్ ఉంది. ఆనాటి సిరాలో ఇనుము ఉంటుంది. కాగితంలో ఉండదు. పంటి మీద ఖనిజం మెరిసినట్టు, స్కాన్‌లో సిరా అక్షరాలు మెరుస్తాయి. అయితే మడిచిన పొట్లంలో ఎనిమిదో పదో పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి గజిబిజిగా కనిపిస్తాయి. ఏ అక్షరం ఏ పొరదో విడదీసి, కాగితాన్ని కంప్యూటర్‌లోనే మడతలు విప్పి పరిచే పద్ధతిని లెటర్‌లాకింగ్ పరిశోధకుల బృందం తయారుచేసింది. మడతల గణితంలో పేరున్న ఎరిక్ డెమైన్, ఆయన తండ్రి మార్టిన్ డెమైన్ అందులో ఉన్నారు. 2021 మార్చిలో ఫలితం బయటికి వచ్చింది.

అలా చదివిన ఉత్తరం 1697 జులై 31 నాటిది. ఫ్రాన్స్‌లోని లీల్ నగరం నుంచి జాక్ సెనాక్ అనే ఆయన, హేగ్‌లో వ్యాపారం చేసే తన బంధువు పియేర్ ల పేర్‌కు రాశాడు. 1695 డిసెంబరులో హేగ్‌లో చనిపోయిన డానియేల్ ల పేర్ మరణ ప్రకటనకు ధ్రువీకరించిన నకలు ఒకటి పంపమని అడుగుతున్నాడు. కొన్ని వారాల కిందటే రాశాననీ, నీ నుంచి జవాబు లేదనీ, ఇది తనకు చాలా ముఖ్యమనీ అంటాడు. ఇంట్లో ఒకరు పోయాక మరణ ధ్రువపత్రం కోసం తిరిగినవాళ్లకు ఆ టెన్షన్ ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. చివర్లో ఆరోగ్యం ఎలా ఉందో, ఇంట్లో వాళ్లు ఎలా ఉన్నారో రాయమంటాడు. అక్కడక్కడ పురుగు తిన్నచోట మాటలు పోయాయి. కాగితం మధ్యలో తయారీదారు వేసిన పక్షి బొమ్మ నీటిముద్ర కూడా స్కాన్‌లో కనిపించింది.

పియేర్‌కు ఆ ఉత్తరం అందలేదు. 324 ఏళ్ల తర్వాత దాన్ని మనం చదివాం. పొట్లం మాత్రం ఇప్పటికీ మూసే ఉంది. జాక్ గోటితో నొక్కిన మడతలు నొక్కినట్టే ఉన్నాయి. తీసి చూస్తే, దీన్ని ఇంతవరకూ ఎవరూ తెరవలేదనే అది చెబుతుంది.